పదకొండు మందికి ఒకే ఫారం

నిజామాబాద్‌లోని ఒక ఉద్యోగాల ఆఫీసులో నా పరువు నేనే నిలువునా నరుక్కున్న రోజు గురించి చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనెప్పుడో మొదలుపెట్టాను.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఆ కొత్తలో ఖాళీ కాగితం కనిపిస్తే ఆకలైనట్టుండేది. అప్పుడే మా ఊరు మోస్రాకు ఫారాలొచ్చాయి. ఎవరికి ఏ పని వచ్చో రాసిస్తే, ఎక్కడ ఏ శిక్షణ పెట్టాలో, ఎవరికి ఏ ఉద్యోగం చూపాలో సర్కారు ప్రణాళిక వేస్తుందట. చెరకు తోటలు తగ్గి, మా పదకొండు మంది ఆడవాళ్ల గుంపుకు పని కరువైన కాలమది.

చెరకు కోతలో మేస్త్రీ గుంపుకంతటికీ ఒక్క పేరే రాసుకుంటాడు. "సాయవ్వా" అని నా పేరు పిలిస్తే పదకొండు కత్తులు లేస్తాయి. నేనూ అదే పద్ధతిలో పైన నా పేరు పెట్టి, కింద అందరి పనులూ రాశాను: చెరకు నరకడం, పసుపు ఉడకబెట్టడం, కుట్టు మిషన్, ట్రాక్టర్, రెండు వందల మందికి వంట, మరాఠీలో బేరం. గీతలు చాలక అంచుల మీద కూడా రాశాను.

నెల తిరగకుండా సాయవ్వను రమ్మని ఫోనొచ్చింది. సాయవ్వ అంటే పదకొండు మంది కదా, అందరం బస్సెక్కాం. కిటికీ బయట వరి మళ్లు వెనక్కి జారిపోతుంటే నా కళ్లు మూతపడ్డాయి. ఒక కుర్చీ, నెత్తి మీద ఫ్యాను, చేతిలో పెన్ను. ఆ గాలికి నా కొంగు చెరకు పువ్వులా తేలుతోంది. నేనూ కుర్చీతో సహా మెల్లగా పైకి లేస్తున్నాను. ఇంతలో గంగవ్వ మోచేత్తో పొడిచింది.

"అక్కా, కత్తులు గూడ తెమ్మన్నరా? నేనైతే అందరియి తెచ్చిన."

కత్తులు వాచ్‌మన్ దగ్గర ఆగిపోయాయి, మేం ఆగలేదు. లోపల మేడం నా ఫారాన్ని మురిపెంగా చూస్తోంది. "ఇన్ని పనులు తెలిసిన మనిషి జిల్లాలోనే లేదు. సాయవ్వ ఎవరమ్మా?"

పదకొండు మందిమీ లేచాం.

"ఒక్కరినే రమ్మన్నాం కదా."

"ఒక్క గుంపే వచ్చినం మేడం."

ఆమె ఒక్కో పని చదువుతుంటే ఒక్కో చెయ్యి లేచింది. చివరికి నా వైపు తిరిగింది. "మరి నీకేం వచ్చమ్మా?"

"చెరుకు నరుకుత. గిప్పుడు రాస్త గూడ."

మేడం నా ఫారం చింపేసి, మనిషికొకటి రాసి సాయంత్రంలోగా ఇమ్మంది. రాయడం వచ్చింది నాకొక్కదానికే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, పెన్నిచ్చారు. అచ్చం కలే. కొంగు తేలుతుంటే పది ఫారాలు ముత్యాల్లా రాశాను. పదోది ఇవ్వగానే, టైమైపోయిందని ఫారాలు తీసుకునే కిటికీ మూసేశారు.

తిరుగు బస్సులో గంగవ్వ అడిగింది: "అక్కా, నీదేది?"

తర్వాత పది మందికీ పిలుపొచ్చింది. గంగవ్వ ఇప్పుడు శిక్షణ కేంద్రంలో ట్రాక్టర్ నేర్పుతోంది. నేను కలలో కోరిన కుర్చీ, ఫ్యాను, పెన్ను మూడూ నాకు దొరికాయి, ఒక్క పూటకు. ఉద్యోగం కోరడమే మరిచాను.

అందుకే పెన్ను మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక మీదట కల కన్నా సరే, పైన నా పేరు రాసి, ఏ గీతా ఖాళీగా వదలకుండా కంటాను.