రోజుకో అలంకారం

జగన్నాథరావు గారు నిన్నటి కంప్యూటర్ తెరని ఇవాళ అలాగే ఉండనివ్వరు. జగ్గయ్యపేటలో ఆయన డీటీపీ షాపుకి కరపత్రం వేయించుకోవడానికి వెళ్తే, ముందు ఆ కంప్యూటర్‌తో కొత్తగా పరిచయం చేసుకోవాలి.

పాత మిషన్లకి కొత్త విండోస్ ఎక్కదు, కొత్తవి కొనుక్కోమని కంపెనీవాళ్లు అన్నారట. ఆయనకి ఒళ్లు మండింది. అరవయ్యో ఏట విండోస్ తీయించి, ఊరికే దొరికే లైనక్స్ వేయించుకున్నారు. అందులో ప్రతిదీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చని తెలిసిన క్షణం నుంచీ షాపులో శాంతి లేదు.

"ఉన్నదాన్ని ఉండనివ్వచ్చుగా బాబాయ్ గారూ?" అన్నాను.

"ఏం జ్యోతమ్మా, వేదాద్రి స్వామికి రోజుకో అలంకారం చేస్తారు. నా కంప్యూటర్‌కి చేస్తే తప్పా? అయినా మన ఇంటి గోడకి ఏ రంగేసుకోవాలో కంపెనీవాణ్ణి అడగాలా?"

ఆ చివరి మాట నాకు నచ్చింది. మా మహిళా సంఘం సభలో నా మాటగా చెప్పేసుకున్నాను కూడా.

ఓ రోజు తెర కింది పట్టీని పైకి జరపబోయి మొత్తానికే తీసేశారు. మధ్యాహ్నం దాకా వెతికారు, బల్ల కింద కూడా. ఇంకో రోజు బాణం గుర్తు పప్పుగుత్తి అంత అయింది. చెత్తబుట్ట బొమ్మ తీసి హుండీ బొమ్మ పెట్టారు. అందులో వేసింది వెనక్కి రాదని ఎవరికైనా అర్థమవుద్దని ఆయన లెక్క. శుభలేఖలకి వచ్చిన ఓ పెద్దాయన భక్తిగా మొదటి లేఖ అందులోనే వేయించాడు.

"పోన్లే, స్వామికి అందింది" అన్నారు జగన్నాథరావు గారు.

ఈ వేషాల మధ్య పని నేర్చుకుంటున్నవాడు అక్రమ్. ముక్త్యాల నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. ఓ రోజు లారీ బోల్తా పడింది. లారీకి ఇన్సూరెన్స్ వచ్చింది, డ్రైవరుకి పరామర్శ వచ్చింది. కుడిచేతి వేళ్లు ఇక ముడుచుకోవు. ఈ పనీ కుదరకపోతే ఇంట్లో కూర్చోవడమే.

మా సంఘం నందిగామ సభకి అతను కొట్టిన కరపత్రంలో "మహిలలారా, కదలండి!" అని పడింది. కింద నీల్లు, పెల్లి, కాల్లు.

"మా మహిళలకి ళ ఎందుకు కరువైంది అక్రమ్?" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు. "షిఫ్టు నొక్కిపట్టి ఇంకో మీట కొట్టాలి మేడమ్. రెండు చేతులుంటేనే ళ." జగన్నాథరావు గారి వైపు తిరిగి, "నా వల్ల కావట్లా సార్. సోమవారం నుంచి రాను" అన్నాడు.

జగన్నాథరావు గారు తెర మీద పూలు మారుస్తున్నారు.

"మనిషి బతుకు గురించి మాట్లాడుతుంటే ఆ పూలేంటండీ?" అని కసిరాను.

"బంతిపూలమ్మా. బాలేవా?"

సోమవారం వెళ్లేసరికి షాపంతా గగ్గోలు. అన్ని మిషన్లకీ మౌసు ఎడమవైపుకి మారింది. షిఫ్టు ఒకసారి తట్టి వదిలేస్తే తర్వాతి అక్షరం దాకా అదే పట్టుకుని ఉంటోంది. టైపిస్టు లక్ష్మీప్రసన్న తల పట్టుకుంది. చెప్పి వెళ్దామని అక్రమ్ వచ్చాడు.

"పోయేవాడివి పోతూ ఇది చూసి పోరా! నేనేం చేశానో ఏంటో, ఎవరికీ అలవాటు పడట్లా" అని జగన్నాథరావు గారు అతన్ని కూర్చోబెట్టారు.

అక్రమ్ ఎడమచేత్తో షిఫ్టు తట్టాడు. వదిలాడు. అదే వేలితో ఇంకో మీట కొట్టాడు. తెర మీద ళ.

మళ్లీ కొట్టాడు. మళ్లీ ళ. బ్యాగు కింద పెట్టేశాడు.

నేను జగన్నాథరావు గారిని వరండాలోకి లాగాను. "ఇది అతని కోసమేగా? ఒక్క మిషన్ మారిస్తే సరిపోయేదిగా!"

"మెల్లగా తల్లీ! ఒక్కటే మారిస్తే జాలిపడ్డామనుకుంటాడు. అన్నీ మారిస్తే నా పిచ్చి అనుకుంటాడు. పిచ్చోడి దగ్గర పనిచెయ్యడానికి ఎవరికీ నామోషీ ఉండదు."

లోపల్నుంచి అక్రమ్ కేకేశాడు. "మేడమ్, ఈయన బాధ పడలేకపోతున్నాం! ఏం మార్చినా సరే గానీ, ఈ షిఫ్టు జోలికి మాత్రం వెళ్లొద్దని చెప్పండి!"

"నువ్వెవడివిరా నాకు చెప్పేది?" అని గద్దించారు జగన్నాథరావు గారు, నవ్వు కనబడకుండా గోడవైపు తిరిగి.

సాయంత్రానికి అక్రమ్ మళ్లీ కొట్టిన కరపత్రాలు చేతికొచ్చాయి. పైన పెద్దక్షరాలతో, "మహిళళారా, కదళండి!"

నేను దిద్దించలేదు. నందిగామంతా అవే పంచాం.