పిన్ని స్కార్ఫ్ మీద నా విచారణ

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాయడం, రెండోది మనుషుల్ని అనుమానించడం. మొదటిదానికి జీతమిచ్చేవారు, రెండోది పూర్తిగా సేవాభావంతో చేసేదాన్ని. కొత్త దేశంలో పిల్ల ఒంటరిగా ఎందుకని నాన్న నన్ను బాబాయి ఇంట్లో ఉంచాడు. మేం ఒంగోలు వైపు ముస్లింలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా జేజి నమాజు వేళకి చీర కొంగు తలమీదికి లాక్కునేది, అయిపోగానే అదే కొంగుతో పొయ్యి మీది గిన్నె దించేది. మా ఇళ్లలో పరదా అంటే అంతవరకే. అందుకే రంజాన్ దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి, పిన్ని తలకి స్కార్ఫ్ బిగించి కట్టుకుని పప్పుకి తాలింపు వేస్తూ కనిపిస్తే, నిప్పు లేనిదే పొగ రాదనిపించింది.

ఎందుకు పిన్నీ ఇది అని అడిగితే రంజాన్ వస్తోందిగా అంది, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా. అంతే, కేసు ఓపెన్ చేశాను. ముద్దాయి బాబాయి. ఆయనది కార్ల ప్లాంటులో నైట్ షిఫ్ట్, పగలంతా బేస్‌మెంట్‌లో పడుకునేవాడు. కొత్త మోడల్ దిగుతోందని ఆ నెల శనాదివారాలు కూడా డ్యూటీయే. పిన్ని పగలు డేకేర్‌లో పనిచేసేది. మొగుడూ పెళ్లాలు ఎదురుపడేది సాయంత్రం భోజనాల దగ్గరే. బేస్‌మెంట్ మెట్ల మీద బాబాయి అడుగులు వినపడగానే పిన్ని చెయ్యి గబుక్కున తలమీదికి వెళ్లి ముడి సరిచూసుకునేది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పైగా ఆయనకి పిన్ని జుట్టు మీద మొదట్నుంచీ పెత్తనం ఉంది. పెళ్లిచూపుల్లో ఆ బారెడు జడ చూసే ఒప్పుకున్నాడట, దానిమీద కత్తెర పడకూడదని అప్పుడే మాట తీసుకున్నాడట. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పేవాడు, అందరం ఎంత ముద్దుగా ఉందో అని నవ్వేవాళ్లం. మిషిగన్ చలిలో తలంటుకున్న రోజు ఆ జడ ఆరక పిన్ని తలనొప్పి మాత్ర వేసుకుని పడుకునేది. అంత మురిసిపోయిన జడని ఇప్పుడు లోకానికి కనపడకుండా మూటకట్టించాడంటే ఏ గాలి సోకిందో అనుకున్నాను.

ఒక సాయంత్రం టీవీలో, ఎక్కడో స్కార్ఫ్ కట్టుకోని అమ్మాయిల్ని పోలీసులు లాక్కెళ్తున్నారని వార్త వచ్చింది. నేను టీవీ మానేసి బాబాయి ముఖం చూశాను. దేవుడి కోసం కట్టుకోవాల్సింది పోలీసు కోసం కట్టుకుంటే అదేం భక్తి అన్నాడు. సరిగ్గా నేను అనాల్సిన మాట. ఆ వెంటనే ఇంకో దేశంలో కట్టుకున్న పిల్లల్ని బడిలోకి రానివ్వడం లేదని చూపిస్తే, అదీ తప్పే అన్నాడు. అతివినయం ధూర్తలక్షణం అనుకున్నాను. ఆయన కూడా నన్ను అదోలా చూడటం మొదలుపెట్టాడు. ఆదివారం మసీదులో ఆడవాళ్ల క్లాసుకి వెళ్లొస్తే ఎవరేం చెప్పారని ఆరా తీసేవాడు. (నేను వెళ్లేది సిరియా ఆంటీలు తెచ్చే స్వీట్ల కోసం. అది పైకి చెప్పుకునే భక్తి కాదు.) నేను మాత్రం పిన్నిని విడిపించడానికి ఆఫీసు దగ్గర డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ కూడా చూసొచ్చాను. పిన్నిని అడిగానా అంటే, లేదు.

మొదటి రోజా, అంటే మొదటి ఉపవాసం నాటి ఇఫ్తార్. బాబాయి ఖర్జూరం తిని, నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, కోపం తెచ్చుకోకు. ఆ క్లాసుల్లో విన్నదంతా తెచ్చి మీ పిన్ని నెత్తిన ఎందుకు రుద్దుతున్నావు? ఆవిణ్ణి ఆవిడ ఇష్టానికి వదిలెయ్."

నాకు ఖర్జూరం గింజ గొంతులో అడ్డం పడినంత పనైంది. బలవంతంగా కట్టిస్తోంది మీరు కాదా అన్నాను. నేనెందుకు కట్టిస్తాను అన్నాడు. నేను అపార్ట్‌మెంట్ సంగతి బయటపెట్టాను, ఆయన మా నాన్నకి ఫోన్ చేస్తానన్నాడు. పిన్ని స్వేచ్ఛ కోసం ఇద్దరం పిన్ని తల మీదుగా పోట్లాడుకుంటుంటే హలీమ్ చల్లారిపోయింది.

పిన్ని గరిటె పక్కన పెట్టి స్కార్ఫ్ విప్పింది. దాంతోపాటు లోపలి ముడి కూడా ఊడి ఖర్జూరాల పళ్లెం పక్కన పడింది. అది పిన్ని జడ. కత్తిరించిన జడనే చుట్టచుట్టి, క్లిప్పులు పెట్టి, పైన గుడ్డ కట్టుకుంది. ఆమె జుట్టు చెవుల దాకానే ఉంది.

"ఇన్నేళ్లూ ఈ జడ ఎవరి ఇష్టానికి మోశానో మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. గుడ్డ కట్టేసరికి అడుగుతున్నారు," అంది.

బాబాయి ఆ జడని చేతిలోకి తీసుకున్నాడు. చిన్నపిల్లాడిలా, కోసేటప్పుడు నొప్పెట్టిందా అని అడిగాడు.

"కోసేటప్పుడు కాదు. మోసేటప్పుడు."

ఆ మాట తర్వాత ఆయన చుట్టాల దగ్గర ఆ జడ కథ మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

పిన్ని జుట్టు ఇప్పటికీ పొట్టిగానే ఉంది. తమాషా ఏమిటంటే, ఆ స్కార్ఫ్ కూడా అలాగే ఉండిపోయింది. బయటికి వెళ్తే కట్టుకుంటుంది, ఇంటికి రాగానే తీసేస్తుంది. మొన్న చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంకా ఎందుకు పిన్నీ అంటే, నాకు బాగుంటుందే అంది. నిజంగానా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా జుట్టూ నెరుస్తోంది, నాలో ఆ డిటెక్టివ్ పిల్ల మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. ఆ పిల్ల నోరు మూయడానికి, పిన్ని పెట్టిన సేమ్యా రెండోసారి వడ్డించుకుని తిన్నాను.