సునీత ఉద్యోగం కోసం కంబదూరు దాకా

ఉదయం ఆరున్నరకు అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సెక్కాను. ఈ బస్సులో కిటికీ పక్కన కూర్చోకండి, అద్దం మూసుకోదు, దుమ్మంతా మనదే.

నేను డిగ్రీ కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంటు చెబుతాను. మా ఫైనలియర్ సునీత అతిథి సేవల పోటీలో రాష్ట్రానికే ఫస్టొచ్చింది. బెంగళూరులో ఒక పెద్ద హోటల్ వాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. సోమవారం చేరాలి. వాళ్ల నాయన పంపనన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ మా పిల్లలు రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోతున్నారు. ఇలా ఊళ్లు పట్టుకుని తిరిగే ఓపిక నాకిక లేదు.

కళ్యాణదుర్గంలో ఉగ్గాని, బజ్జీ తిని కంబదూరు బస్సు కోసం గంటకు పైగా నిలబడ్డాను. నీళ్లు వెంట తెచ్చుకోవడం మంచిది. బస్సెక్కాక, ఏం పని మీద పోతున్నానో కండక్టరు అడిగితే చెప్పాను.

"ఉద్యోగానికి పంపమని గూడా బతిమాలల్లనా సార్?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా పాత విద్యార్థిని ఒకామె మైసూరు హోటల్లో సూపర్‌వైజరైంది. కాలేజీ బోర్డు మీద ఆమె ఫోటో ఉంది. వాళ్లమ్మ మాత్రం ఊళ్లో బ్యాంకు ఉద్యోగమనే చెప్పుకుంటోంది.

కంబదూరులో దిగి, ఆటోలో ఎండిపోయిన చెనిక్కాయ చేల మధ్య నుంచి సునీత వాళ్ల ఊరు చేరేసరికి పదకొండు దాటింది. ఆమె నాయన హనుమంతప్ప గొర్రెలను వేరేవాళ్లకు అప్పగించి నా కోసం కాచుకున్నాడు.

"మీ మీద గౌరవం ఉండాది సార్. ఊరోళ్ల ఎంగిలి కంచాలెత్తే పనికి ఆడబిడ్డను ఎట్ల పంపల్ల?"

సునీత వంటింటి గడప దగ్గర తల వంచుకుని నిలబడింది. జీతం గురించి, ప్రమోషన్ల గురించి, మైసూరు అమ్మాయి గురించి చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది. సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు. ఇద్దరం పక్కపక్కనే తిన్నాం. లేచి, నా కంచంతో పాటు ఆయన కంచం కూడా తీసుకుని దొడ్లోకి నడిచాను.

"వద్దు సార్, మాకు పాపం సుట్టుకుంటాది" అంటూ వెంటబడ్డాడు.

"మీ పాపకు ఈ పని నేర్పించింది నేనే. పాపమైతే ముందు నన్నే చుట్టుకోవాలి" అన్నాను. గొప్పకు చేయలేదు, విసుగొచ్చి చేశాను. రెండు కంచాలూ కడిగి బోర్లించాను.

ఆయన నాతో పాటు ఆటోలో కంబదూరు దాకా వచ్చాడు. నేను అనంతపురం బస్సెక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"పంపిస్తా సార్. ఊర్లో మాత్రం బ్యాంకని చెప్పుకుంటా. ఏమనుకోవద్దు."

వచ్చిన పని అయింది. సునీత వాళ్ల ఊరికి దగ్గర్లోని స్టాపులో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది.

"హనుమంతప్ప ఇంటికొచ్చిన సారువు గదా నువ్వు. ఆ పాపకు యాడ ఉజ్జోగం?"

ఇన్నేళ్లుగా హోటల్ పని గొప్పదని క్లాసులో చెబుతున్న నోరే ఇది.

"బ్యాంకులో, అవ్వా" అన్నాను.

"మంచి ఉజ్జోగం" అని అవ్వ కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. అనంతపురం వచ్చేదాకా నిద్ర మాత్రం పట్టలేదు.