మోగే చక్రాలు

కొందరికి రైలంటే ఊరు మారడం. ఆయనకు మాత్రం రైలంటే వినడం. చిన్నప్పుడు వాళ్ళిల్లు పట్టాల పక్కనే ఉండేది. మధ్యాహ్నాలు కిటికీ కింద చాప వేసుకుని కళ్ళు మూసుకుంటే, ఎక్కడో దూరాన మొదలైన చప్పుడు మెల్లగా నిద్రలోకి నడిచొచ్చేది. సామాన్ల బండా, మనుషుల బండా, పెట్టెలెన్ని, అందులో ఖాళీవెన్ని, అన్నీ కళ్ళు తెరవకుండానే చెప్పేవాడు. అక్క కిటికీలోంచి లెక్కపెట్టి సరిచూసేది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ అని పందెం. పాపం, ఆవిడకు మొట్టే భాగ్యం ఎప్పుడోగాని దక్కేది కాదు. వీడివి పాముచెవులమ్మా అని తల్లికి చెప్పి చివరికి పందేలు మానేసింది.

ఆ ఈడు పిల్లలు ఇంజను నడుపుతామనో, జెండా ఊపుతామనో అనుకునేవాళ్ళు. ఈయనకు ఆ యావ లేదు. ఒకరోజు స్టేషన్లో ఒకాయన పొడుగు కర్ర సుత్తితో ఆగిన రైలు చక్రాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోవడం చూశాడు. మంచి చక్రం ఖంగుమంటుంది, పగులుంటే బొంగురుపోతుంది, అంతే విద్య. ఇనుమును తట్టి వింటే జీతమిస్తారని తెలిశాక ఆ పూట అన్నం సహించలేదు. పెద్దయ్యాక పట్టుబట్టి ఆ ఉద్యోగమే సంపాదించాడు. స్టేషన్లో అందరూ ఆయన్ని సుత్తాయన అనేవారు. చక్రాల కబుర్లు మొదలుపెడితే ఒక పట్టాన వదిలేవాడు కాదు గనక ఆ పేరు ఇంకా బాగా అతికింది.

అలా ముప్పై ఏళ్ళు. రైలుకు ఈ పక్క ఆయన, ఆ పక్క ఇంకొకడు. చక్రాల సందుల్లోంచి జోడీవాడి బూట్లు తప్ప ఏమీ కనిపించవు. తట్టడం, వినడం, ఓ అడుగు వెయ్యడం. తెల్లారగట్ల మంచులో ఆ మోత వెంట నడుస్తూ నడుస్తూ చివరి పెట్టె దగ్గర తేలేవాడు. మధ్యలో ఎలా వచ్చాడంటే ఆయనకే తెలీదు. అంత సుఖంగా పనిచేసేవాణ్ణి నేనింకెక్కడా ఎరగను.

ఏడాదిగా ఇంట్లో మాత్రం రభసగా ఉంది. పక్కగదిలోంచి భార్య పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. కుక్కర్ కూసి కూసి అడుగంటినా పక్కనే కూర్చుని పేపరు చదువుతాడు. డాక్టరుకు చూపించుకోమని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరింది. చక్రాలన్నీ చక్కగా వినపడుతున్నాయి, నీ మాటలు వినపడకపోవడం పెళ్ళైనప్పటినుంచీ ఉన్నదే కదా అని నవ్వేవాడు. నవ్వు వెనక భయం ఉంది. చెవి పోయిందని తెలిస్తే రైలు దగ్గరకు రానివ్వరు. ఏ గిడ్డంగి మూలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ బతుకు ఆయన ఊహకే అందేది కాదు.

ఆ రోజూ మంచు పట్టింది. పొడుగు రైలు, పన్నెండు నిమిషాలే ఆగుతుంది. ఎనిమిదో పెట్టె దగ్గర చక్రం మీదికి సుత్తి ఊపాడు. కంకరలో కాలు జారి, సుత్తి చక్రానికి జానెడు దూరంలో గాల్లోనే ఆగిపోయింది.

అయినా ఖంగుమంది.

తియ్యగా, రోజూలాగే సన్నబడుతూ మంచులో కలిసిపోయింది. నమ్మలేక మళ్ళీ ఎత్తి, కావాలనే మధ్యలో ఆపాడు. మళ్ళీ ఖంగుమంది. ఈసారి నిజంగా కొట్టాడు. అదే మోత, వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నాళ్ళూ విన్నది చక్రాలను కాదు, ముప్పై ఏళ్ళుగా తలలో చేరిన మోతను.

తల పైన కిటికీలో ఎవరో తల్లి నిద్రపోతున్న పిల్లకు జడ వేస్తోంది. వెనక ఏడు పెట్టెలు ఆయన బాగున్నాయని వదిలేసినవి. నోరు మూసుకుని మిగతావి తట్టి, తనిఖీ అయ్యేదాకా రైలు కదలకుండా పాతిన ఎర్రజెండా తీసేస్తే రైలు కదిలిపోతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆయన వంగి, చక్రాల అవతలి బూట్లను పిలిచాడు.

"ఈ పక్క కూడా నువ్వే కొట్టు. మొదటి పెట్టె నుంచి. నాకు వినపడట్లేదు."

జెండా తియ్యలేదు. స్టేషన్ మాస్టర్ పరుగెత్తుకొచ్చాడు, ప్రయాణికులు సణిగారు. జోడీవాడు ఒక్కొక్క చక్రమే తట్టుకుంటూ పోతుంటే ఆయన వెనకే నడిచాడు. సుత్తి తగలకముందే ప్రతి చక్రమూ ఆయన చెవిలో మోగుతోంది. చివరి పెట్టె దాటాక జోడీవాడు దగ్గరకొచ్చాడు.

"అన్నా, ఒక్కటీ పగల్లేదు. ఒంట్లో నలతగా ఉందని చెబుదాం. ఇంకో రెండేళ్ళేగా నీ సర్వీసు."

సరే అనాలనిపించింది. నిజంగానే అనిపించింది. రైలు కదిలింది, పెట్టె తర్వాత పెట్టె మంచులోకి వెళ్ళిపోయింది. ఆ చప్పుడులో రైలుదెంతో, తనదెంతో తేల్చుకోలేక, ఆయన తిన్నగా పైఅధికారి గదికి నడిచాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

అధికారి గొంతు పెంచి రెండుసార్లు అడగాల్సొచ్చింది. "ఎప్పటినుంచి వినపడట్లేదు?"

"అదే తెలీదండీ," అన్నాడాయన. "నాకు అన్నీ మోగుతూనే ఉన్నాయి."