లైను ఖాళీగా లేదు

మొన్న కోరుట్ల నుంచి మెట్‌పల్లి వస్తుంటే బస్సులో నా వెనక కూర్చున్నాయన సెల్‌ఫోన్ పాతకాలపు నల్ల ఫోనులా గణగణమని మోగింది. ఆయనకది సరదా. నా చెయ్యి మాత్రం దానంతటదే చెవి మీదికి పోయింది, హెడ్‌సెట్ సర్దుకోవడానికి. ఆ హెడ్‌సెట్ దించి ఎన్నేళ్లయిందో. పక్కనామె "చెవి నొస్తుందా అక్కా?" అని అడిగితే నవ్వొచ్చింది, వెనకాలే కళ్లలో నీళ్లూ తిరిగాయి. మా శాంతమ్మ మేడమ్ గుర్తొస్తే నాకు ఈ రెండూ కలిసే వస్తాయి.

ఆమె మెట్‌పల్లి టెలిఫోన్ ఆఫీసులో సీనియర్ ఆపరేటరు. నేను మరమగ్గాలు నడిపే ఇంటి నుంచి వచ్చి, బెదురుబెదురుగా ఆమె పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది. ఆదివారం చర్చిలో పాటలెత్తుకునే గొంతే మిగతా రోజుల్లో ట్రంకు లైన్‌లో "కరీంనగర్, కరీంనగర్" అని పిలిచేది. ఇప్పటివాళ్లు నమ్మరు గానీ, అప్పట్లో వేరే ఊరికి మాట్లాడాలంటే మాకు నంబరు చెప్పి ఎదురుచూడాలి. మేము బోర్డులో తీగ గుచ్చి కలిపితేనే మాట. ఇళ్లలో ఫోన్లు ఎక్కడివి? బొంబాయి దగ్గర భీవండి మగ్గాల మీదికి పనికి పోయినవాళ్లు మా ఊరి బజారులో ఏదో కిరాణా షాపుకు చేసి, ఫలానా ఆమెను పిలిపించమనేవారు. షాపాయన మనిషిని పంపేవాడు.

కీడు వార్త వచ్చినప్పుడు శాంతమ్మ మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ నియమాల్లో లేదు, ఏ ఆఫీసరూ చెప్పలేదు. వినబోయే మనిషి పక్కన ఇంకో మనిషి ఉన్నారని తెలిస్తే తప్ప ఆమె తీగ గుచ్చేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం భీవండి నుంచి కాల్ వచ్చింది. అవతల ఒక పిల్లగాడి గొంతు. "మా అన్న పోయిండు మేడమ్. వదినెకు చెప్పాలె." ఇటు షాపు సేటు అప్పటికే ఆమెను పిలిపించాడు. "వచ్చి నిలబడ్డది, కలుపుండ్రి" అన్నాడు.

"ఒక్కతే వచ్చిందా సేటూ?"

"ఒక్కతే."

"జర ఆగు. లైను దొరుకుతలేదని చెప్పి ఆమెను లోపట కూసోబెట్టు. వాళ్ల తల్లిని పిలువనంపు."

సేటుకు విషయం అర్థమైంది. గొంతు తగ్గించి "సరే అమ్మా" అన్నాడు. ఈలోగా కరీంనగర్ సూపర్‌వైజరు లైన్‌లోకి వచ్చి విరుచుకుపడ్డాడు. "మెట్‌పల్లి, లైను ఖాళీగ ఎందుకు పట్టుకున్నవ్? ఇడిసిపెట్టు."

"ఖాళీగ లేదు సార్. మనిషి వస్తుంది."

"ఏ మనిషి?"

"వస్తుంది సార్" అని, ఆయన్ను అక్కడే వదిలేసి భీవండి వైపు తిరిగింది. "తమ్మీ, పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా? నీ పక్కన ఎవరున్నరు?" అంతదాకా బిగబట్టుకున్న ఆ పిల్లగాడు అప్పుడు ఏడ్చాడు. వాడు ఏడ్చినంతసేపూ ఆమె ఊఁ కొడుతూ కూర్చుంది. తల్లి వచ్చిందని సేటు చెప్పాక తీగ గుచ్చి, మాటలు వినపడకుండా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"చర్చికి పోయేదానివి, లైను దొరుకుతలేదని అబద్ధం ఆడుతవా మేడమ్?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"దేవునికి నేనే చెప్పుకుంట తీ. నువ్వు కరీంనగర్‌కు జవాబియ్యి, మొత్తుకుంటుండు."

పైనుంచి సంజాయిషీ అడిగారు. ఇచ్చింది. మళ్లీ అదే పని చేసింది.

తర్వాత బోర్డులు పోయాయి, మమ్మల్ని కౌంటర్లలో కూర్చోబెట్టారు. అన్నీ బజారుకు వదిలేస్తేనే దేశం బాగుపడుతుందని నమ్మిన సర్కార్లు వచ్చాయి. ప్రైవేటు కంపెనీల టవర్లు లేచాయి. మా ఆఫీసు మాత్రం ఒక్కో గది తాళం వేసుకుంటూ వచ్చింది. చివరికి, ఇష్టముంటే ముందే రిటైరు కండి అన్నారు. ఆ ఇష్టమన్న మాటకు నాకు ఒళ్లు మండింది. రిటైరై ఇంట్లో ఉన్న మేడమ్ దగ్గరికి పోయి కడుపులోదంతా కక్కాను. ఆమె అనపకాయలు ఒలుస్తూ విన్నది.

"కోపం మంచిదే పద్మా. కానీ ఫోను కనెక్షన్ కోసం ఏండ్లకేండ్లు మన చుట్టు తిరిగినోళ్లను నేను చూసిన. గిప్పుడు బీడీలు చేసే ఆమె చేతిల ఫోనున్నది. మొగని మొఖం చూసుకుంట మాట్లాడుతుంది. అది తప్పంటనా?"

"మరి మనం ఏం పాపం చేసినం మేడమ్?"

ఆమె చేతులు ఆగాయి. "అది గూడ ఉండాలె, మనం గూడ ఉండాలె. రెండెందుకు కుదరలేదో నాకైతే ఇప్పటికీ సమజ్ కాలే" అంది. ఆమె ఓడిపోయినట్టు మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే. ఉద్యోగం పోతుందన్న దిగులు నాకు ఉన్నమాట నిజమే. అంతకన్నా, తీగ గుచ్చే ముందు ఆగి అడిగే మనుషులు ఇక లేకుండా పోతారన్నదే ఎక్కువ బాధ పెట్టింది. ఆ వారంలోనే రిటైరు కాగితం మీద సంతకం పెట్టాను.

ఇప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు దవాఖానలో ఫోన్ల దగ్గర కూర్చుంటున్నాను. రోగుల ఇళ్లకు కబురు చెప్పడం నా పనే. మంచి కబురైతే టకటకా చెప్పేస్తాను. కానిదైతే ముందు పక్కన ఎవరున్నారో అడుగుతాను, లేకపోతే ఆగుతాను. కాల్ తొందరగా ముగించమని మేనేజరు సైగ చేస్తాడు. నేను గోడ వైపు తిరుగుతాను. మొండితనం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

పోయిన వానాకాలం డ్యూటీలో ఉండగా రూతు ఫోన్ చేసింది. రూతు మేడమ్ కూతురు, నిజామాబాద్‌లో నర్సు. తల్లి ఆఖరి రోజుల్లో ఆ పిల్ల దగ్గరే ఉండేది.

"పద్మక్కా, ఎక్కడున్నవ్?"

"దవాఖానల్నే బిడ్డా."

"నీ పక్కన ఎవరున్నరు?"

నాకు అర్థమైపోయింది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. బల్లకు అవతల మేనేజరు ఉన్నాడు. నా మొహం చూసి చేతిలో పని వదిలేసి లేచి వచ్చాడు.

"ఉన్నరు తల్లీ, చెప్పు" అన్నాను. చెప్పింది. అంతా విన్నాక, "మరి నీ పక్కన ఎవరున్నరు?" అని అడిగాను.

రూతు ఏడ్చింది. బల్ల మీద మిగతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మేనేజరు ఏ సైగా చేయలేదు. నేను లైను విడిచిపెట్టలేదు, ఊఁ కొడుతూ కూర్చున్నాను.