నెత్తిమీది లైటు

ఆస్ట్రేలియాలో ఇంటర్న్‌షిప్ ఇంకో వారంలో అయిపోతుందనగా నాకు మొండితనం పట్టుకుంది. బొగ్గుగని లోపలికి దిగకుండా ఇంటికి పోయేది లేదనుకున్నాను. అక్కడికి వెళ్లినప్పటి నుంచి నా పనంతా పైన షెడ్డులోనే. బోరు వేసి తీసిన రాతి ముక్కలను కొలవడం, ఆ కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. జియాలజీ చదివే అమ్మాయికి అది చాలని వాళ్లు అనుకున్నారు. నేను అనుకోలేదు.

మాది పినపాక. మా నాన్న భూగర్భ గనిలో టింబర్‌మన్, అంటే కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే మనిషి. మా వైపు గనిని బాయి అంటారు. మేం తిన్న అన్నం, నా చదువు, ఆదివారం చర్చికి వేసుకునే బట్టలు అన్నీ ఆ బాయిలోంచి వచ్చినవే. అది లోపల ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. అప్పట్లో మన దేశంలో ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు. కాలేజీ నుంచి గని చూడ్డానికి తీసుకెళ్లిన రోజు మగపిల్లలు టోపీలు పెట్టుకుని దర్జాగా దిగారు. అమ్మాయిలను పైన బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను ఆ టీ ముట్టలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. నాన్న ఎవరితోనూ మొహంలోకి చూసి మాట్లాడడు. నా మార్కులు అడిగేటప్పుడు కూడా గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి అడిగేవాడు. పాస్టర్ గారు పలకరిస్తే కిటికీకి జవాబు చెప్పేవాడు. "పెండ్లయిన కాన్నుంచి ఈ మనిషి నా మొకం సక్కగ సూసింది లేదు" అని అమ్మ ఊరందరి ముందూ దెప్పేది. అమ్మ దాన్ని నవ్వులాటగా తీసుకుంది. నేను తీసుకోలేకపోయాను. నేనంటే ఆయనకు ఇష్టం లేదని చాలా ఏళ్లు నమ్మాను. పగలంతా నన్ను కాదని ఆయన వెళ్లిపోయే ఆ చోటు ఏదో ఒక్కసారి చూడాలని అందుకే అంత పట్టుదల.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసి దిగుతానని చెబితే నాన్న గొంతు గట్టిదైంది.

"నువ్వెందుకు దిగుడు బిడ్డా? నేను దిగుతున్న గదా, సాలదా? రాసుకునేది రాసుకొని జల్దీ ఇంటికి రా."

"సరే నాన్నా" అన్నాను. సరే అనడం వేరు, వినడం వేరు.

మా సూపర్‌వైజర్ మంచివాడే కానీ బద్ధకస్తుడు. లోపలికి వెళ్లాలంటే రోజంతా భద్రతా శిక్షణ ఉండాలి, వెళ్లిపోయే పిల్లకు అదంతా ఎందుకని తేల్చేశాడు. సెలవు రోజున తోటి విద్యార్థులు సముద్రం చూడ్డానికి బస్సెక్కితే, నేను కొత్తగా పనిలో చేరిన మగవాళ్ల మధ్య కూర్చుని శిక్షణ విన్నాను. ఊపిరి పరికరం కళ్లు మూసుకుని తగిలించుకోమన్నారు, తగిలించుకున్నాను. అడిగినవాటికి జవాబులు చెప్పాను. అనుమతి కాగితం మీద సంతకం పెట్టక తప్పలేదు సూపర్‌వైజర్‌కు. బూట్లు నా పాదానికి పెద్దవయ్యాయి. రెండు జతల సాక్సులు తొడుక్కున్నాను.

నన్ను తీసుకెళ్లింది ఆ షిఫ్టుకు పెద్ద అయిన ఒక ఆవిడ. డీజిల్ బండిలో కిందికి దిగుతుంటే వెనక వెలుతురు చిన్నదై మాయమైంది. బండి ఆగాక దిగి నిలబడ్డాను. ఆవిడ ఏదో అడిగింది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు సూటిగా కళ్లలోకి చూడాలని కాలేజీలో నేర్పారు కదా, నేను అలాగే చూసి జవాబు చెప్పాను. ఆవిడ చటుక్కున కళ్లు మూసుకుంది. నవ్వుతూ నా టోపీ పట్టుకుని తలను పక్కకు తిప్పింది.

"నీ నెత్తిమీద లైటుంది. ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తే వాళ్లకు కళ్లు కనబడవు. ఇక్కడ మర్యాదంటే పక్కకు తిరిగి మాట్లాడటమే" అంది.

చుట్టూ చూశాను. అందరూ అలాగే మాట్లాడుకుంటున్నారు. ఒకడు గోడతో, ఒకడు నేలతో. అందరూ మా నాన్నలాగే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. బొగ్గుధూళి కంట్లో పడిందని చెప్పాను. ఆ షిఫ్టు పూర్తయ్యేదాకా పైకి రమ్మన్నా రాలేదు.

రెండు రోజులకు విమానం ఎక్కాను. ఖమ్మం మీదుగా పినపాక చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ నాన్నకూ నాకూ అన్నం పెట్టింది. బాయి ముచ్చట ఎత్తకూడదని నేను ముందే నిశ్చయించుకున్నాను.

"ప్రయాణం మంచిగ జరిగిందా బిడ్డా?" అన్నాడు నాన్న, క్యాలెండర్ వైపు తిరిగి.

"అవ్ నాన్నా, మంచిగ జరిగింది" అన్నాను.

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, నేను తల తిప్పి తలుపుకు జవాబు చెప్పానని.

"దిగినవా?"

"దిగిన."

తిడతాడనుకున్నాను. పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

"కప్పు ఎట్లుంది?"

"గట్టిగనే ఉంది నాన్నా. ఇనుప బోల్టులు బిగించిండ్రు."

"మంచిది" అన్నాడు. "ఇప్పుడు నెత్తిమీద లైటు లేదు గదా బిడ్డా. ఇటు సూడు" అన్నాడు, క్యాలెండర్ వైపే తిరిగి.