మునిస్వామి పెట్టిన తాళాలు

మునిస్వామి కాలు ఊపుతాడు. ఆరేళ్లు పక్క సీటులో కూర్చున్నవాణ్ణి, నా బల్ల మీద ఎన్నిసార్లు టీ తొణికిందో నాకు తెలుసు. "కాస్త ఆపు స్వామీ" అంటే ఆపుతాడు. రెండు నిమిషాలకు వేళ్లతో దరువు మొదలుపెడతాడు. మదనపల్లె మనిషి, నలభై ఆరేళ్లు, మణికొండలో కాపురం. లిఫ్టు వచ్చేదాకా నిలబడలేక మెట్లెక్కే రకం.

హైటెక్ సిటీలో మా కంపెనీ నెట్‌వర్క్ పెట్టెలకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తుంది. దాని గుండెకాయను కెర్నెల్ అంటాం. అందులో ఒక పాత జబ్బు ఉంది. పదహారు ప్రాసెసర్లున్నా నెట్‌వర్క్ పని మొత్తానికీ ఒకటే తాళం. ఒకరు స్నానానికి వెళ్తే మిగతావాళ్లు వంటింట్లోకి కూడా పోలేని ఇల్లు లాంటిది. ఆ పెద్ద తాళం తీసేసి ప్రతి సాకెట్‌కూ, అంటే కనెక్షన్‌కున్న ప్రతి కొసకూ, విడివిడిగా చిన్న తాళాలు పెట్టడం మునిస్వామి పని. ఏడాదిపాటు అదే చేశాడు. ఒక శుక్రవారం గడువు పెట్టి, ఆలోపు అది కస్టమర్లకు వెళ్లే విడుదలలోకి ఎక్కకపోతే ప్రాజెక్టు మూసేస్తామని మేనేజర్ చైతన్య తేల్చి చెప్పాడు.

చిన్న తాళాలతో వేరే పేచీ ఉంది. ఒకడు వంటింటి తాళం పట్టుకుని స్నానాలగది కోసం, ఇంకొకడు స్నానాలగది తాళం పట్టుకుని వంటింటి కోసం నిలబడతారు. ఇద్దరూ కదలరు, మెషిన్ కొయ్యబారిపోతుంది. మాది సరిగ్గా అదే చేసేది, ఏ ఆనవాలూ వదలకుండా. ఎక్కడ ఆగుతోందో చూద్దామని మునిస్వామి ఒక ప్రింటు లైను పెట్టాడు, తాళం పడ్డ ప్రతిసారీ తెర మీద ఒక ముక్క రాసేలా. విచిత్రం, అది పెట్టగానే మెషిన్ ఆగడం మానేసింది.

గడువుకు ముందురోజు, గురువారానికి, మెషిన్ ఆగకుండా నడిచి మూడు రోజులు నిండాయి. చైతన్య అందర్నీ పిలిచి, కాజు బర్ఫీ డబ్బా తెప్పించాడు. చప్పట్లు కొట్టారు. మునిస్వామి కాలు మాత్రం ఆగలేదు. ఎందుకో నాకు తెలుసు. ప్రింటు రాసే జాప్యం వల్ల ఆ ఇద్దరూ ఎదురుపడటం లేదంతే, జబ్బు జబ్బుగానే ఉంది. నేనైతే నోరు మూసుకుని బర్ఫీ తినేవాణ్ణి. నిజం చెప్పాలంటే, తింటూనే ఉన్నాను.

"ఇది బాగుపడలా చైతన్యా," అన్నాడు మునిస్వామి లేచి. "ఆ ప్రింటు తీసేస్తే మళ్లా కట్టుకుపోతాది. చూపిస్తా ఉండు."

తీసేసి నడిపించాడు. పదకొండో నిమిషంలో తెర బిగుసుకుపోయింది. చైతన్య డబ్బాకు మూత పెట్టాడు.

"మునిస్వామిగారూ, ఇప్పుడు చెప్పాల్సిన మాటేనా అండీ ఇది?"

అప్పుడు వెనకనుంచి రజిత నోరు విప్పింది. గోపన్‌పల్లి పిల్ల, మా కోడు పరీక్షించేది తనే.

"అన్నా, నేను జనవరిల్నే అడిగిన గద. రెండు దిక్కులా ఒక్కసారే కనెక్షన్ బంద్ చేస్తే ఏమైతది అని. నువ్వు జర కోపానికొచ్చినవ్."

ఫోనులో ఇద్దరూ ఒకే క్షణంలో పెట్టేసినట్టన్నమాట. మాకో కట్టుబాటు ఉంది. ప్రతి తాళానికీ ఒక నంబరుంటుంది; రెండు తాళాలు కావాలంటే చిన్న నంబరుది ముందు తీసుకోవాలి, ఎవరైనా సరే. అప్పుడు ఒకరికొకరు అడ్డంపడరు. దాని కోసం మా అందరి ప్రాణాలూ తోడినవాడు మునిస్వామే. కానీ తను మొదటి వారంలో రాసిన ఆ కనెక్షన్ మూసే చోట, ఎవడి తాళం వాడు ముందు తీసుకునేలా వదిలేసి, కోడులోనే దాని పైన ఒక మాట రాసుకున్నాడు: 'ఈ దారిలోకి ఇద్దరు ఒకేసారి రారు. చూశాను. ముని.' తర్వాత మా కోడంతా జల్లెడ పట్టాడు. తన పేరున్న ఆ చోటుకు వచ్చినప్పుడల్లా దాటేశాడు. ఆయన పేరు చూసి మేమూ దాటేశాం. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

రెండు లైన్లు అటూ ఇటూ మార్చాడు, అంతే పని. సరిగ్గా ఉందని తేలడానికి మూడు రోజుల పరీక్ష కావాలి. శుక్రవారం ఆగలేదు. పెద్ద తాళమున్న పాతదే విడుదలైంది. సోమవారం మునిస్వామిని ఐదో అంతస్తులో ఏవో రిపోర్టుల పనిలో వేశారు. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పినందుకా ఇది? వెళ్లేముందు ఆయన పాత మాట చెరిపేసి కొత్తది రాశాడు: 'ఇద్దరూ వస్తారు. రజిత ముందే అడిగింది, నేను వినలేదు.'

ల్యాబులో ఆ మెషిన్‌ను రజిత ఆపలేదు. ప్రింటు లేకుండా, సరిచేసిన చిన్న తాళాలతో నడుస్తూనే ఉంది. మునిస్వామి రోజూ మధ్యాహ్నం మెట్లు దిగి వస్తాడు.

"ఎన్ని దినాలాయమ్మా?"

"నలభై ఒకటన్నా."

కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంటాడు. అక్కడున్నంతసేపూ కాలు ఊపడు.

వచ్చే సోమవారం ఆ మెషిన్‌ను వేరే టీముకు ఇచ్చేయమని చైతన్య నుంచి మెయిలు వచ్చింది. ఆ సంగతి మునిస్వామికి మేమింకా చెప్పలేదు.